మూడుసార్లు పిలిచేలోపు

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం, కోర్టు వ్యవహారాల మీద కాలనీవాసుల కోసం జరిగిన సమావేశంలో ఒక సీనియర్ మహిళా న్యాయవాది మాట్లాడిన పాఠం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసెయ్యలేదు.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? ఆ మూల ఫ్యాను చప్పుడు చేస్తోంది, అదొక్కటి ఆపు నాన్నా. ఆ, ఇప్పుడు బాగుంది.

మీలో కోర్టు లోపలికి వెళ్లినవాళ్లు ఎంతమంది? ఆవరణలోకి కాదు, బయట చెట్టు కింద నిలబడి రావడం కాదు. హాల్లోకి వెళ్లినవాళ్లు చేతులెత్తండి. పది, పన్నెండు... సరే. ముద్దాయిగా ఎంతమంది వెళ్లారు అని మాత్రం అడగను. అడిగినా ఒక్క చెయ్యి లేవదు. ఎందుకు లేవదు? ఆ మాటే మనకు తిట్టులా వినపడుతుంది. ఊళ్లో ఎవడి మీదైనా కేసు పడితే, అది తేలకముందే వాళ్ల ఇంటికి సంబంధం మాట్లాడటానికి వెళ్లడం మానేస్తాం. అవునా కాదా?

ముద్దాయి అంటే ఎవరు? నేరం చేసినవాడా? కాదమ్మా. నేరం చేశాడని ఇంకొకరు అన్న మనిషి. అంతవరకే. ఈ మాట మనకు ఉర్దూ నుంచి వచ్చింది. అక్కడ ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, దావా వేసినవాడు. తెలుగు కోర్టుల్లోకి వచ్చేసరికి అర్థం తిరగబడి, ఎవరి మీద కేసు ఉందో వాళ్లను ముద్దాయి అనడం అలవాటైంది. ఈ సంగతి మా సీనియర్ గారు చెప్పినప్పుడు నేను చాలాసేపు ఆలోచించాను. అటు నిలబడ్డవాడికీ ఇటు నిలబడ్డవాడికీ మధ్య తేడా ఒక్క కాగితం. ఆ కాగితం రేపు మన పేరున రావచ్చు. బండి తగిలి ఒకరికి కాలు విరిగితే రావచ్చు, గట్టు దగ్గర మాటామాటా పెరిగితే రావచ్చు, స్నేహితుడికిచ్చిన చెక్కు వెనక్కి వస్తే రావచ్చు.

అందుకని ఇవాళ నేను పెద్ద పెద్ద కేసుల గురించి చెప్పను. ముద్దాయి కోర్టులో ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, అతనికి ఏమేం చెల్లుతాయి, అది చెబుతాను. ఇందులో నా సొంత కథ ఒకటి ఉంది. దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ముందు హాలు ఎలా ఉంటుందో చూద్దాం. భయం సగం ఆ హాలు చూసే వస్తుంది కాబట్టి. ఎత్తు మీద మేజిస్ట్రేటు గారు కూర్చుంటారు. సరిగ్గా ఆయన ముందు, కింద, ఫైళ్ల కట్టల మధ్య కూర్చునేది బెంచి క్లర్కు. మీ వాయిదా ఏ తేదీకి వేశారో రాసుకునేది ఈయనే. పక్కన సాక్ష్యం టైపు చేసేవాళ్లు. ఎదురుగా ఉన్న టేబులు దగ్గర ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ గారు ఒకవైపు, మన న్యాయవాది ఇంకోవైపు. సాక్షి నిలబడే బోను ఒకటి, ముద్దాయి నిలబడే చోటు ఒకటి. స్టేషను నుంచి వచ్చిన కోర్టు కానిస్టేబులు ఒకాయన ఉంటారు. తలుపు దగ్గర పేర్లు పిలిచే అటెండరు. ఇంతే. వీళ్లలో ఎవరికీ మీ మీద కోపం లేదు. ఇది గుర్తుపెట్టుకుంటే కాళ్ల వణుకు కొంచెం తగ్గుతుంది. జడ్జిగారిని ఏమని పిలవాలి అని అడుగుతుంటారు. సార్ అనండి, మేడమ్ అనండి, అయ్యా అనండి, ఏదైనా సరిపోతుంది. ఫోను మాత్రం కట్టేసి వెళ్లండి.

ఇప్పుడు అసలు సంగతి. పిలుపు.

ఉదయం పదిన్నరకు కోర్టు కూర్చుంటుంది. కూర్చోగానే ఆ రోజు లిస్టులో ఉన్న కేసులన్నీ వరుసగా పిలుస్తారు. దీన్ని మేం కాల్ వర్క్ అంటాం. అటెండరు తలుపు దగ్గర నిలబడి మీ పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడుసార్లు. ఆ మూడు పిలుపుల్లో మీరు లోపలికొచ్చి చేతులు కట్టుకుని నిలబడితే, మీ పని ఆ రోజుకు ఒక్క నిమిషంలో అయిపోవచ్చు. రాలేదనుకోండి? మీ తరఫున న్యాయవాది పిటిషను కూడా వెయ్యలేదనుకోండి? నాన్ బెయిలబుల్ వారంటు. అంటే మిమ్మల్ని పట్టుకుని కోర్టుకు తెమ్మని పోలీసులకిచ్చే ఆదేశం. ఎన్‌బీడబ్ల్యూ అని ఫైలు మీద మూడు అక్షరాలు రాస్తారు.

ఒక ఆటో తమ్ముడి కేసు చెబుతాను. చిన్న యాక్సిడెంటు కేసు, నిజంగా చిన్నది. ఆ రోజు పదింటికే వచ్చాడు. మనవాడు క్రమశిక్షణ ఉన్నవాడు. కానీ కోర్టు పై అంతస్తులోకి మారింది. అతను పాత హాలు ముందు కూర్చున్నాడు. పదకొండు దాటాక అనుమానం వచ్చి అడిగితే, పైన పిలిచేశారు అన్నారు. వారంటు రాశారని వినగానే భయపడి ఏం చేశాడు? ఇంటికి వెళ్లిపోయాడు. నాకు ఫోను కూడా చెయ్యలేదు. నాలుగు నెలల తర్వాత ఒక శుక్రవారం రాత్రి పోలీసులు ఇంటికొచ్చారు. శనివారం రిమాండు. ఆదివారం సెలవు. సోమవారం పిటిషను వేసి విడిపించేసరికి సాయంత్రమైంది. ఆ మూడు రోజులూ వాళ్లావిడ చంటిపిల్లతో జైలు గేటు దగ్గరే ఉంది. అతను చేసిన తప్పేంటి? తప్పు హాలు ముందు కూర్చోవడం కాదు. ఇంటికి వెళ్లిపోవడం. ఆ రోజు మధ్యాహ్నమే వకీలుతో కలిసి అదే కోర్టుకు వెళ్లి, అయ్యా ఇలా జరిగింది అని రీకాల్ పిటిషను వేసుకుంటే, చాలాసార్లు అదే రోజు వారంటు రద్దు చేస్తారు. చాలాసార్లు. నేనే ఎన్నో చేయించాను.

ఇంకొకటి వినండి. చాలామంది అనుకుంటారు, కొన్నాళ్లు కనపడకుండా ఉంటే వారంటు పాతబడిపోతుందని. పాతబడదు. వారంటుకు గడువు తీరడమంటూ లేదు. అమలు జరిగేదాకానో, ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకానో బతికే ఉంటుంది. పదేళ్లయినా సరే. పైగా బెయిలు మీద బయటికొచ్చి వాయిదాకు రాకపోవడం దానికదే ఇంకో నేరం. నేరాలూ శిక్షలూ చెప్పే భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షను, ఏడాది దాకా శిక్ష. అసలు కేసులో నిర్దోషిగా తేలాల్సినవాడు ఈ కేసులో దోషి అవుతాడు. అంతేనా? మీకోసం పాసుపుస్తకం తెచ్చి జామీను సంతకం పెట్టిన మేనమామ ఉంటాడే, ఆయనకు నోటీసు వెళుతుంది, బాండు డబ్బు కట్టమని. మీ టెన్షను ఆయన ఇంట్లోకి వెళ్లిపోతుంది. మరీ తప్పించుకు తిరిగితే పరారీలో ఉన్నట్టు ప్రకటించి ఆస్తి జప్తు దాకా వెళ్లవచ్చు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో, అంటే క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టంలో, ఇంకో మార్పు ఉంది. పదేళ్లు, ఆ పైన శిక్ష ఉండే పెద్ద నేరాల్లో అలా ప్రకటితుడైన ముద్దాయి దొరికే ఆశ లేకపోతే, ఛార్జి, అంటే ఆరోపణ, రాసిన తర్వాత తొంభై రోజులు చూసి, అతను లేకుండానే విచారణ నడిపి తీర్పు చెప్పొచ్చు.

మరి నిజంగా రాలేని రోజు ఉంటే? జ్వరం రాదా, ఇంట్లో చావు జరగదా? ఉంటుంది. అందుకు దారి ఉంది. ముందురోజే వకీలుకు ఫోను చెయ్యండి. ఆయన ఉదయం హాజరు మినహాయింపు పిటిషను వేస్తారు. డాక్టరు చీటీ ఉంటే జత చేస్తారు. కోర్టు ఒప్పుకుంటే వారంటు రాదు. కానీ ప్రతి వాయిదాకూ ఇదే పిటిషను పెడితే ఏ జడ్జి ఒప్పుకుంటారు? ముసలివాళ్లూ, చాలా దూరంలో ఉన్నవాళ్లూ మొదట్లోనే కోర్టును అడిగి, కొన్ని దశలకు తప్ప రానక్కర్లేకుండా వకీలు ద్వారా హాజరయ్యే అనుమతి తీసుకోవచ్చు.

మీ వాయిదా తేదీ మీరే చూసుకోండి. వకీలు గుమాస్తా చెబుతాడులే అని కూర్చోవద్దు. ప్రతి కేసుకూ పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఒకటి ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే తర్వాతి తేదీ, ఏ కోర్టు, ఏ దశ, అన్నీ కనపడతాయి. మీ పిల్లలు సినిమా టికెట్లు తీసే ఫోనులోనే వస్తుంది. ఇంటికెళ్లగానే వాళ్ల చేత పెట్టించుకోండి.

మొదటిసారి కోర్టు ముందుకు వెళ్లాక ముద్దాయికి కాగితాలిస్తారు. ఎఫ్ఐఆరు, ఛార్జిషీటు, సాక్షులు పోలీసుల దగ్గర చెప్పిన మాటలు, డాక్టరు సర్టిఫికెట్లు. అన్నీ ఉచితం. కొత్త చట్టంలో హాజరైన పద్నాలుగు రోజుల్లోపు ఇవ్వాలని రాశారు. ఈ కట్టను చాలామంది తీసుకుని నేరుగా వకీలు చేతిలో పెట్టి వెళ్లిపోతారు. అలా చెయ్యకండి. ఒక్కసారి చదవండి. చదువు రాకపోతే చదివించుకోండి. ఆ రోజు అక్కడ ఎవరున్నారు, ఎవరు లేరు, ఆ సాక్షికీ మీకూ పాత తగాదా ఏమన్నా ఉందా, వాళ్లు చెప్పిన చోట వీధిలైటు ఉందా లేదా, ఇవి మీకు తెలిసినట్టు నాకెలా తెలుస్తాయి? నేను ఆ ఊరు చూడలేదు కదా. వకీలు చట్టం తెస్తాడు. సంగతులు తేవాల్సింది ముద్దాయే.

తర్వాత ఛార్జి. మీ మీద ఉన్న ఆరోపణ ఇదీ అని జడ్జిగారు చదివి, తెలిసేలా చెప్పి, నేరం ఒప్పుకుంటారా, విచారణ కోరతారా అని అడుగుతారు. అర్థం కాకపోతే అర్థం కాలేదు అని చెప్పండి. తప్పేమీ లేదు. మళ్లీ చెబుతారు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ దెబ్బ తింటున్నారు. ఒప్పేసుకోండి, ఏదో ఫైను కట్టి పోవచ్చు, ఎన్నాళ్లు తిరుగుతారు అని ఎవరో ఒకరు వరండాలో చెబుతారు. పని పోగొట్టుకుని తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషి సరే అంటాడు. ఫైను కడతాడు. ఇంటికెళ్లి హమ్మయ్య అనుకుంటాడు. నాలుగేళ్ల తర్వాత కానిస్టేబులు పరీక్ష పాసవుతాడు, వెరిఫికేషనుకు వస్తారు. అప్పుడు తెలుస్తుంది తనకు శిక్ష పడ్డట్టు రికార్డులో ఉందని. ఆ అబ్బాయి నా దగ్గరకొచ్చి, మేడమ్, ఐదొందలు కట్టి వదిలేశారు కదా అన్నాడు. వదల్లేదు నాన్నా. ఒప్పుకున్నావు, కోర్టు శిక్ష వేసింది, ఆ శిక్ష ఐదొందలు. నేరం ఒప్పుకున్న తర్వాత అప్పీలులో, నేను చెయ్యలేదు అనడానికి కూడా ఉండదు. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే అడగగలం.

రాజీ వేరు. ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు. కాదు. చట్టం రాజీకి ఒప్పుకునే నేరాలు కొన్ని ఉన్నాయి, కొన్నిటికి కోర్టు అనుమతి కూడా కావాలి. వాటిలో ఫిర్యాదీ, ముద్దాయి కలిసి రాజీ అయితే, లోక్ అదాలత్‌లో కానీ కోర్టులో కానీ అది రికార్డు అయితే, దాని ఫలితం నిర్దోషిగా విడుదల. మళ్లీ చెబుతున్నాను. రాజీ అయితే నిర్దోషి. ఒప్పుకుంటే దోషి. సంతకం పెట్టే ముందు, ఇది రాజీ కాగితమా, ఒప్పుకోలు కాగితమా అని నోరు తెరిచి అడగండి. అమ్మా, మీరు రాసుకుంటున్నారు, మంచిది, ఇదొక్కటి కింద గీత గీసుకోండి.

ఒప్పుకోకపోతే సాక్షులొస్తారు. ఏపీపీ గారు ముందు అడుగుతారు, తర్వాత మన న్యాయవాది అడ్డు ప్రశ్నలు వేస్తారు, క్రాస్ అంటాం. ఇక్కడ ముద్దాయికి ఒక గొప్ప బలముంది. తను ఏమీ నిరూపించక్కర్లేదు. నేరం జరిగిందనీ, అతనే చేశాడనీ నిరూపించాల్సిన బరువు ప్రాసిక్యూషనుది, అంటే కేసు నడిపే ప్రభుత్వం వైపుది. అనుమానం మిగిలితే ఆ లాభం ముద్దాయికే. రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు ఏమంటుంది? నేరారోపణ ఉన్న మనిషిని తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు అంటుంది.

కానీ చెక్కు కేసు దగ్గర జాగ్రత్త. మన మిర్చి యార్డు చుట్టూ, బట్టల వ్యాపారాల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. చెక్కు మీద సంతకం మీదేనని తేలితే, అది అప్పు తీర్చడానికే ఇచ్చారని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని చూపించే పని ముద్దాయి మీద పడుతుంది. ఇంకొకటి, లాయరు నోటీసు వస్తే తీసుకోకుండా పోస్టుమ్యాన్‌ను వెనక్కి పంపేస్తారు. తీసుకోకపోతే కేసు నిలవదని ఎవరో చెబుతారు. సరైన చిరునామాకు వచ్చిన దాన్ని కావాలని తిప్పి పంపితే అందినట్టే లెక్క. నోటీసు అందాక డబ్బు కట్టడానికి చట్టం పదిహేను రోజులిస్తుంది. తిప్పి పంపినవాడు ఆ పదిహేను రోజులు పోగొట్టుకుంటాడు.

సివిలు కేసుల్లో ప్రతివాదిదీ ఇదే బాధ. ప్రోనోటు దావా సమన్లు వస్తే ముప్పై రోజుల్లో జవాబు దాఖలు చెయ్యాలి. కోర్టు కారణం చూసి తొంభై రోజుల దాకా పొడిగించవచ్చు. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే మీ మీద తీర్పు, అయిపోతుంది, ఒకరోజు దాన్ని అమలు చేసే కోర్టు ఉద్యోగి అమీనా ఇంటి గడప ముందుకొస్తాడు. అప్పుడు పరుగెత్తి రావడం కంటే మొదటి సమన్లకే రావడం ఎంత తేలిక! సివిలు గురించి ఇంకోరోజు మాట్లాడుకుందాం, అది పెద్ద సంగతి.

సాక్షి అబద్ధం చెబుతుంటే రక్తం ఉడుకుతుంది. నాకు తెలుసు. అయినా నిలబడ్డ చోటు నుంచి అరవకండి. ఒక చిన్న కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. తప్పు అనిపించింది రాసి మీ వకీలుకు అందించండి. క్రాస్‌లో అడగాల్సింది అప్పుడే అడగాలి. అడగకుండా వదిలేసిన సంగతిని చివర్లో కొత్తగా చెబితే కోర్టు నమ్మడం కష్టం. సాక్షి మీకు రాని భాషలో చెబుతున్నాడా? బ్యాంకు నుంచి వచ్చిన అధికారి హిందీలో చెబుతున్నాడనుకోండి, దాన్ని మీకు తెలిసిన భాషలో అక్కడే చెప్పించాలి. అది చట్టం. అడగండి. అలాగే సాక్షుల ఇళ్లకు వెళ్లి బతిమాలడం, బెదిరించడం చెయ్యొద్దు. బెయిలు పోతుంది.

ఇప్పుడు మూడువందల పదమూడు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షను నంబరు అది. మా కోర్టుల్లో అందరూ త్రీ థర్టీన్ అంటారు. కొత్త చట్టంలో అది 351వ సెక్షను. జూలై 1కి ముందే మొదలైన విచారణలు పాత చట్టం కిందే నడుస్తున్నాయి కాబట్టి రెండు నంబర్లూ వినపడతాయి. కంగారుపడొద్దు, రెండూ ఒకటే.

ఏంటిది? ప్రాసిక్యూషను సాక్షులందరూ అయిపోయాక జడ్జిగారు ముద్దాయిని ముందుకు పిలిచి, నీకు వ్యతిరేకంగా ఈ సాక్షి ఇలా చెప్పాడు, ఆ సాక్షి అలా చెప్పాడు, నువ్వేమంటావు అని ఒక్కొక్కటే అడుగుతారు. మొత్తం కేసులో జడ్జి ముద్దాయితో నేరుగా, తీరిగ్గా మాట్లాడే సందర్భం ఇదొక్కటే. ప్రమాణం ఉండదు. జవాబు చెప్పకపోయినా శిక్ష లేదు. కానీ చెప్పిన జవాబును కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. నోటితో చెప్పలేకపోతే రాతపూర్వకంగా దాఖలు చెయ్యొచ్చు. చివర్లో, నీ తరఫున సాక్షులున్నారా, ఇంకేమన్నా చెప్పుకుంటావా అని కూడా అడుగుతారు. తనే బోనెక్కి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాలనుకుంటే, రాసి అడగాలి. అది పూర్తిగా అతని ఇష్టం. ఎక్కలేదు కాబట్టి తప్పు చేశాడు అని వ్యాఖ్యానించడానికి ఎదుటి పక్షానికీ, కోర్టుకూ కూడా వీల్లేదు.

ఇంత విలువైన సందర్భంలో మనవాళ్లు ఏం చెబుతారు? అబద్ధం. అబద్ధం. తెలియదు. అబద్ధం. తెలియదు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

మా నాన్న అలాగే చెప్పారు.

1980ల్లో సంగతి. మాది తెనాలి వైపు ఒక పల్లె. గట్టు తగాదాలో కొట్టుకున్నారు. ఒకాయనకు చెయ్యి విరిగింది. ఆయన రాయించిన ఐదు పేర్లలో మా నాన్న పేరు మూడోది. ఏ త్రీ, అంటే మూడో ముద్దాయి. ఆ రోజు నాన్న ఊళ్లోనే లేరు. మా అమ్మకు కాన్పు కష్టమై గుంటూరు ఆసుపత్రిలో ఉంటే, రెండు రోజులుగా అక్కడే ఉన్నారు. ఆ కాన్పులో పుట్టినవాడే మా చిన్న తమ్ముడు. కేసు ఆరేళ్లు నడిచింది. నాన్న ఒక్క వాయిదా తప్పలేదు. తెల్లవారుజామునే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎనిమిదింటి బస్సుకు వెళ్లేవారు. సెలవు రోజుల్లో క్యారేజీ పట్టుకుని నేనూ వెళ్లేదాన్ని. వరండాలో కూర్చుని పిలుపు కోసం చెవులు రిక్కించి వినడం నాకప్పుడే అలవాటు. ఐదుగురికీ ఒకే వకీలు. నేను వేరే చోట ఉన్నాను అని నాన్న ఆయనకు విడిగా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అంటే, జడ్జిగారు అడుగుతారు కదా, అప్పుడు చెబుతాను అనుకున్నారట. త్రీ థర్టీన్ రోజు ఐదుగురినీ వరుసగా నిలబెట్టారు. మొదటివాడు అబద్ధం అన్నాడు. రెండోవాడు అబద్ధం అన్నాడు. నాన్న కూడా అబద్ధం అన్నారు. ఇంకేమన్నా చెప్పుకుంటావా అంటే, ఏమీ లేదయ్యా అన్నారు. మిగిలిన నలుగురి ముందు, నేను లేను, వీళ్లున్నారు అన్నట్టు అవుతుందని ఆగిపోయారో, నోరు పెగల్లేదో, నాకిప్పటికీ తెలియదు.

శిక్ష పడింది. ఫైను, కోర్టు లేచేదాకా నిర్బంధం. అంటే సాయంత్రం దాకా ఆ హాల్లోనే ఉండాలి. నేను తలుపు దగ్గర నుంచి చూశాను. కూర్చోమని ఎవరో బెంచీ చూపించినా నాన్న కూర్చోలేదు. సాయంత్రం దాకా నిలబడే ఉన్నారు. అప్పీలుకు వెళదామని ఎవరూ అనలేదు. తర్వాత నేను లా చదువుతున్నప్పుడు ఇంట్లో ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆసుపత్రి చీటీ దొరికింది. తేదీ అదే. సహాయకుడిగా నాన్న పేరు, సంతకం అన్నీ ఉన్నాయి. ఆ కాగితం ఆరేళ్లూ ఇంట్లోనే ఉంది.

అందుకని నా దగ్గరకొచ్చే ప్రతి ముద్దాయినీ త్రీ థర్టీన్‌కు వారం ముందు పిలిపిస్తాను. ప్రశ్నలు ఏమొస్తాయో చెప్పి, నీ మాట ఏంటి, నీ సొంత మాట చెప్పు అని అడుగుతాను. మీరు కూడా మీ వకీలును అడగండి, ఆ రోజు నేనేం చెప్పాలి అని. ఇంకోటి. నేను అక్కడ లేను అనే వాదన ఉంటే, దాన్ని మాత్రం ముద్దాయే చూపించుకోవాలి. కాబట్టి మొదటిరోజే, మొట్టమొదటి రోజే చెప్పండి. టికెట్టు ముక్క, ఆసుపత్రి చీటీ, హాజరు పట్టీ, ఏదున్నా వకీలుకు ఇవ్వండి. తోటి ముద్దాయిలకూ మీకూ చెప్పుకునే సంగతి వేరైతే, వేరే వకీలును పెట్టుకోండి. అందులో ద్రోహం ఏమీ లేదు.

వకీలును పెట్టుకునే స్తోమత లేదంటారా? ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం అది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, వెళ్లి అర్జీ రాసివ్వండి. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. అడగకపోతే రాదు అనుకోకండి. 1986లో సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయి అడగలేదు కాబట్టి వకీలును ఇవ్వలేదు అనే మాట చెల్లదంది. నీకు ఆ హక్కుంది అని చెప్పాల్సిన బాధ్యత కోర్టుదేనని చెప్పి, ఆ శిక్ష కొట్టేసింది. అరుణాచల్‌లో ఒక పేద ముద్దాయి కేసు అది. దేశమంతటా ప్రతి ముద్దాయికీ పనికొచ్చింది.

తీర్పు రోజు గురించి చెప్పి ఆపుతాను, టైము దాటుతోంది. విచారణ ముగిశాక నలభై ఐదు రోజుల్లోపు తీర్పు చెప్పాలని ఇప్పుడు చట్టంలో ఉంది. ఆ రోజు ఒంటరిగా వెళ్లకండి. జామీనుదారులను సిద్ధంగా పెట్టుకోండి. శిక్ష పడిందనుకోండి, మూడేళ్లకు మించకపోతే, అప్పటిదాకా బెయిలు మీద ఉన్నవాళ్లకు, అప్పీలు వేసుకుంటాం అంటే ఆ కోర్టే అప్పటికి బెయిలు ఇవ్వగలదు. కానీ ఆ మాట అక్కడే, అప్పుడే అడగాలి. తలుపు దగ్గర ఏడుస్తూ నిలబడితే ఆ సమయం దాటిపోతుంది. జైలు శిక్ష పడితే తీర్పు కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. మేజిస్ట్రేటు కోర్టు తీర్పు మీద సెషన్స్ కోర్టుకు అప్పీలుకు ముప్పై రోజుల గడువు. ఆ పైన మన హైకోర్టు నేలపాడులో, ఇక్కడి నుంచి ఎంత దూరమని!

ఇక మీ ప్రశ్నలు అడగండి. సంచుల్లో కాగితాలు పెట్టుకుని వచ్చినవాళ్లు ముగ్గురు నలుగురు కనపడుతున్నారు. ఆ పెద్దాయన గంట నుంచి సమన్ల కాగితం చేతిలోనే పట్టుకుని ఉన్నారు. బాబాయ్, ముందు మీరు రండి. తేదీ ఎప్పుడుందో చూద్దాం.